నెల్లాళ్ళ విచారణ, అరగంట బేరం

క్రిందటి సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినీ పేరు రాయించుకోవడం గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి కూడా లెక్కల ప్రస్తావనే గాని, ఇది రెండు చక్రాల మీద నడిచే లెక్క. మొన్న, అంటే 2025 కార్తీకమాసంలో, నేనొక సైకిలు కొన్నాను.

"ఈ వయస్సులో సైకిలేమిటండీ?" అని మా బ్రాంచిలో అడిగినట్టే మీరూ అడుగుతారు. నాకు యాభై ఎనిమిది నిండాయి. రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర పైచిలుకు ఉంది. రక్తంలో చక్కెర ఉండవలసినదానికంటే కాస్త ఎక్కువగా ఉంది. డాక్టరుగారు రోజూ గంటసేపు నడవమన్నారు. నడుద్దామంటే మోకాళ్ళు ఒప్పుకోలేదు. "అయితే సైకిలు తొక్కండి. మీ బరువు సీటు మోస్తుంది, మోకాళ్ళు మొయ్యక్కర్లేదు" అన్నారాయన. సలహా బాగానే ఉంది. కానీ మా ఇంట్లో సైకిలు అనే మాట నాలుగేళ్ళుగా ఎవరూ ఎత్తరు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా నాన్నగారు ఇక్కడే, బరంపురంలో, ప్రభుత్వ బడిలో తెలుగు మాష్టారు. ఆ రోజుల్లో ఉద్యోగులకు సైకిలు అడ్వాన్సు ఇచ్చి, జీతంలోంచి నెలనెలా కోసుకునేవారు. ఆ అడ్వాన్సుతో ఆయన అట్లాసు సైకిలు కొన్నారు. కొనేముందు ఆయన చేసిన విచారణ ఎంతయ్యా అంటే, రిపేరు చేసే కుర్రాణ్ణి ఒక మాట అడిగారు, హెడ్మాస్టరుగారిని ఒక మాట అడిగారు. రంగు సంగతి ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఉన్నది నలుపే. నేను తొక్కడం నేర్చుకున్నది దాని మీదే, సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటితే, మర్నాడు మా వీధుల్లో స్కూటరు కదిలే జాగా లేదు. అప్పుడు ఆ పాత అట్లాసునే పడిపోయిన చెట్ల మీంచి ఎత్తి దాటించుకుంటూ మా అత్తయ్యగారింటికి కొవ్వొత్తులూ పాలపొడీ పట్టుకెళ్ళాను.

ఆ సైకిలు ఇప్పటికీ మా వరండాలో ఉంది. దాన్నే తొక్కొచ్చు కదా అంటారేమో. దాని ఫ్రేము ఇరవై నాలుగు అంగుళాలు. వెనక నుంచి కాలు తిప్పి ఎక్కడానికి ఇప్పుడు నా తుంటి సహకరించదు. పోనీ అదే కంపెనీది చిన్న సైజు చూద్దామని ఫోనులో మొదట వెతికింది ఆ పేరే. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాసు వారు, ఢిల్లీ పక్కనున్న సాహిబాబాదు ఫ్యాక్టరీలో పని 2020 జూన్ 3న ఆపేశారట. జూన్ 3 ప్రపంచ సైకిలు దినోత్సవం. కావాలని చూసి పెట్టుకున్న ముహూర్తం కాదులెండి, కానీ చదివాక కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

తర్వాత నెల్లాళ్ళపాటు ఆ ఫోను పక్కన పెట్టలేదు. భోజనం దగ్గర కూడా సైకిళ్ళే. "ఈ ఇల్లు కొన్నప్పుడు కూడా మీరింత విచారించలేదు" అంది మా ఆవిడ. కామర్సు చదువుకున్నవాణ్ణి, నోటుపుస్తకంలో గళ్ళు గీశాను. ధర, చక్రం, ఫ్రేము, బరువు, బ్రేకు, గేర్లు, ఎవరు ఏమన్నారు.

మొదటి గడిలోనే చిక్కు వచ్చింది. ప్రతి సైకిలు పక్కనా ఎర్రటి అక్షరాలతో నలభై శాతం తగ్గింపు అని ఉంటుంది. దేని మీద నలభై? కొట్టేసి చూపించిన ఆ పై ధరకు ఆ సైకిలును ఎన్నడైనా ఎవరైనా కొన్నారా అన్నది నా అనుమానం. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కలపని ధర 12,500 అనుకుంటే, మునుపు చేతికి 14,000 అయ్యేది, ఇప్పుడు 13,125. ఆ 875 రూపాయలు వదులుకున్నది ప్రభుత్వం. దానికి 'పండుగ కానుక' అని పేరుపెట్టి తమ ఖాతాలో రాసుకున్నవాళ్ళూ కనిపించారు. మీరు కొనేటప్పుడు తగ్గింపు శాతం వైపు చూడకండి. ఆఖరున మీ జేబులోంచి వెళ్ళే అంకె ఒక్కటే చూడండి.

చక్రాల గొడవ ఇంకా తమాషాగా ఉంటుంది. మనం చిన్నప్పుడు ఇరవై ఎనిమిది పెద్ద సైకిలు, ఇరవై ఆరు దానికంటే చిన్నది, ఇరవై నాలుగు పిల్లలది అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఇరవై ఏడున్నర, ఇరవై తొమ్మిది, ఏడువందల సి అని ఉన్నాయి. రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం మిల్లీమీటర్లలో చూస్తే గాని అసలు సంగతి బోధపడదు. ఇరవై తొమ్మిదికీ ఏడువందల సి కీ అది ఒకటే, 622. నాన్నగారి ఇరవై ఎనిమిదికి 635! అంటే ఇరవై తొమ్మిది కంటే ఇరవై ఎనిమిది రిమ్మే పెద్దది. ఇక ఇరవై ఆరులోనే రెండు జాతులున్నాయి. లావు టైర్ల కొత్తవాటికి 559, పాత తరహా సన్న టైర్లవాటికి 590. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఈ అంకె అచ్చువేసి ఉంటుంది. టైరు మార్చవలసి వస్తే ఆ అంకె కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్ళండి, రెండోసారి తిరగక్కర్లేదు.

కొన్నవాళ్ళ అభిప్రాయాలు చదివాను. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్ళలో చాలామంది సైకిలు ఇంటికొచ్చిన రోజునే రాశారు. డబ్బా బాగా కట్టారట, రంగు బాగుందట. ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ళలో సగానికి సగం మందికి డబ్బా ఆలస్యంగా అందింది. సైకిలు సంగతి ఇద్దరూ చెప్పలేదు. అంచేత రెండు, మూడు నక్షత్రాలవాళ్ళను, అందులోనూ ఆరు నెలలు వాడాక రాసినవాళ్ళను మాత్రమే పట్టుకున్నాను. ముందు చక్రానికి స్ప్రింగులున్న షాకులు ఊళ్ళో తొక్కేవాడికి బరువు తప్ప లాభం లేదనీ, అదే ధరలో షాకులు లేనిదానికి మిగతా సామాను మెరుగ్గా వస్తుందనీ వాళ్ళ దగ్గరే తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ నెల్లాళ్ళూ వృథా పోలేదు.

చివరికి ఒకటి కుదిరింది. ధర 12,640. ఇంటికే తెచ్చి ఇస్తారు. మా బ్రాంచిలో కుర్ర ఆఫీసరు ఒక ఉపాయం కూడా చెప్పాడు: "సార్, షాపుకెళ్ళి ఎక్కి చూడండి, సైజు తెలుసుకోండి, వచ్చి ఫోనులో ఆర్డరు పెట్టేయండి." తప్పేముందన్నట్టు చెప్పాడు. నేను ముప్పై ఏళ్ళుగా దుకాణదారుల క్యాష్ క్రెడిట్ ఖాతాలు చూస్తున్నవాణ్ణి. నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు పట్టుకుని సరుకు లెక్క చూడ్డానికి వెళ్ళినప్పుడు, చెప్పులవాళ్ళూ మిక్సీలవాళ్ళూ ఇదే మాట చెప్పుకుని వాపోతుంటారు. వేసి చూసి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారట. దుకాణం బ్రతకాలని మీరు నష్టపోయి కొనమని నేను చెప్పను, అది వ్యాపారం కాదు. కానీ అరగంట పనిచేయించుకుని కూలి ఎగ్గొట్టడం కూడా వ్యాపారం కాదు.

అయినా ఆర్డరు మీట దాకా వెళ్ళిన నా వేలు ఆగింది ఈ న్యాయం వల్ల కాదు. నాలుగేళ్ళ నాటి సంగతి వల్ల.

2021లో మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. ట్యూషనుకు సైకిలు కావాలంది. మార్కెట్టు వెనక సందులో ఒక సైకిలు షాపుంది, ఒడియా ఆయనది, వాళ్ళ నాన్న కాలం నుంచీ ఉంది. అక్కడ అడిగితే, ఫోనులో కనిపించినదానికంటే తొమ్మిది వందలు ఎక్కువ చెప్పాడు. నేను ఫోనులోనే తెప్పించాను. డబ్బాలో సైకిలు చాలావరకు బిగించే వచ్చింది. ముందు చక్రం, హ్యాండిలు, సీటు, పెడళ్ళు మనం బిగించుకోవాలి. కూడా ఒక పుస్తకం ఇచ్చారు. ఇంగ్లీషులో పన్నెండు పేజీలు. నేను బొమ్మలు చూశాను, అక్షరాలు చదవలేదు. లోను కాగితాలు చదవకుండా సంతకం పెట్టేవాళ్ళను రోజూ మందలించే మనిషిని.

పెడలు ఇరుసు చివర ఒకదాని మీద ఎల్ అనీ, ఇంకోదాని మీద ఆర్ అనీ చిన్నగా చెక్కి ఉంటుంది. కుడిదానికి మామూలు మర, ఎడమదానికి తిరగ మర. అంటే ఎడమ పెడలును గడియారం ముళ్ళకు ఎదురుగా తిప్పితే బిగుస్తుంది. మామూలు మర పెట్టి ఉంటే, తొక్కుతున్న కొద్దీ అది తనంతట తానే వదులై ఊడి వస్తుంది. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు అంతకుముందు అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో సైకిళ్ళ దుకాణం నడిపేవారు. ఇలా ఊడిరాని పెడళ్ళు వాళ్ళూ అమ్మారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నేను కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ పెట్టాను. సగం ఎక్కి ఆగిపోయాయి. కొత్తది కదా, గట్టిగా ఉంటుందనుకుని పానా వేసి బలమంతా పెట్టి బిగించాను. లోపల మర తెగిపోతున్నదని తెలియలేదు.

తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు సాయంత్రం వీధి మలుపులో, అమ్మాయి ఎడమ కాలి మీద బరువేసి తొక్కుతుంటే పెడలు క్రాంకులోంచి ఊడిపోయింది. అటు పడింది. వెనకాల వస్తున్న ఆటో అతను బ్రేకు వేశాడు గనక ఈ వ్యాసం ఇలా రాయగలుగుతున్నాను. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

కంపెనీకి రాస్తే, బిగింపు కొన్నవారి బాధ్యత, గ్యారంటీ వర్తించదు అని జవాబు వచ్చింది. పుస్తకంలో నాలుగో పేజీలో ఆ ముక్క ఉంది కూడా. నేను వాళ్ళను తప్పుపట్టలేదు. సైకిలును నడిపించుకుంటూ ఆ సందులో షాపుకే తీసుకెళ్ళాను. ఆయన క్రాంకు రంధ్రంలో వేలు పెట్టి చూసి, "బాబూ, బాఁ పాఖ ఓలటా" అన్నాడు. ఎడమ పక్క తిరగ మర అని. ఎక్కడ కొన్నారని అడగలేదు. కొత్త క్రాంకులు వేసి, సామాను ఖరీదు తీసుకున్నాడు, కూలి తీసుకోలేదు. ఆయన గట్టిగా నాలుగు మాటలు అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆ తర్వాత ఆ సందులోంచి వెళ్ళడం మానుకున్నాను.

ఆసుపత్రి ఖర్చు ఆ నెల ఇంటి లెక్కల పుస్తకంలో రాయవలసి వచ్చింది. వైద్యం పద్దు కింద రాయబోయి, ఆగి, సైకిలు పద్దు కిందే రాశాను. 900 రూపాయలు మిగిలాయన్న వరస పైనే ఉంది. సైకిలు బాగుపడ్డా అమ్మాయి మళ్ళీ ఎక్కలేదు. ఒక ఏడాది చూసి పనిమనిషి కొడుక్కి ఇచ్చేశాం.

ఇప్పుడా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. డాక్టరుగారు చెప్పిన మాట వాళ్ళమ్మ ద్వారా తెలిసి ఫోను చేసింది. "కొనుక్కో నాన్నా. కానీ నువ్వు బిగించకు" అంది.

అలా నోటుపుస్తకం పట్టుకుని ఆ సందులోకి వెళ్ళాను. షాపు సగానికి తగ్గింది. ఒక పక్క పిల్లల సైకిళ్ళు, ఇంకో పక్క బ్యాటరీ సైకిళ్ళు రెండు. ఆయన జుట్టు తెల్లబడింది, గుర్తుపట్టాడో లేదో చెప్పలేదు. మన ప్రవాసాంధ్రుల బ్రతుకు చూడండి, సైకిలు గురించి చదివింది ఇంగ్లీషులో, ఇంట్లో వాదించింది తెలుగులో, బేరం ఒడియాలో. హోసూరువారికి తమిళంలో, బళ్ళారివారికి కన్నడంలో, షోలాపూరువారికి మరాఠీలో ఇదే అనుభవం.

మొదట ఒక నీలం సైకిలు బయటికి తీసి, "మీకైతే రెండు వేలు తగ్గిస్తాను ఆజ్ఞా" అన్నాడు. నా నెల్లాళ్ళ చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. ఫ్రేము మీద చీటీ చూస్తే 2022లో తయారైనది. టైరును బొటనవేలితో నొక్కితే పక్కన వెంట్రుకల్లా సన్నటి పగుళ్ళు. చూపించాను. ఆయన నవ్వేసి, "నెట్టు చూసి వచ్చారా బాబూ" అని దాన్ని లోపలికి తోసేశాడు. టైర్లూ ట్యూబులూ మార్చి ఇస్తే అదీ మంచి బేరమే. నాకు సైజు సరిపోలేదు.

సైజు అన్నాను కదా. దాని కోసం ఇంట్లోనే కొలత తీసుకున్నాను. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, లావుపాటి పుస్తకాన్ని కాళ్ళ సందున పైకంటా నొక్కి పెట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా టేపుతో కొలవాలి. మా ఆవిడ కొలిచింది, నవ్వుకుంటూనే. ఇరవై ఎనిమిదిన్నర అంగుళాలు. ఫోనులో మాత్రం అయిదడుగుల అయిదంగుళాల పైన ఎత్తున్నవారికి పంతొమ్మిది అంగుళాల ఫ్రేము అని పట్టిక ఉంది. నా ఎత్తు అయిదు ఆరు, అంచేత అదే ఎంచుకున్నాను. షాపులో అదే సైజు సైకిలు ఉంటే రెండు కాళ్ళూ నేల మీద ఆనించి బారు మీదుగా నిలబడి చూశాను. బారు తగలకూడని చోట తగిలింది. పట్టికలో మనిషి ఎత్తు ఉంది గాని, ఆ ఎత్తులో కాళ్ళెంత, మొండెమెంత అన్నది లేదు. నిలబడితే బారుకూ మనకూ మధ్య కనీసం అంగుళం, రెండంగుళాలు ఖాళీ ఉండాలి. 12,640 పెట్టి ఆర్డరు ఇచ్చి ఉంటే ఆ సైకిలు నాన్నగారి అట్లాసు పక్కన వరండాలో నిలబడేది.

"ఎక్కడికి తొక్కుతారు?" అని అడిగాడాయన. నెల్లాళ్ళలో ఫోను అడగని ప్రశ్న ఇది. ఆఫీసుకు మూడు కిలోమీటర్లు, మోకాళ్ళు ఒప్పుకుంటే ఆదివారం పొద్దున్న గోపాలపూర్ అన్నాను. చదును రోడ్డే కదా, ముందు మూడు పళ్ళచక్రాలు దేనికి, వెనక ఏడు గేర్లు చాలునన్నాడు. బారు కిందికి వాలి ఉన్న పదిహేడు అంగుళాల ఫ్రేముది తీశాడు. షాకులు లేవు. సీటు ఎత్తు సరిచేసే పద్ధతి కూడా చూపించాడు. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు సరైనంత వంగుతుంది. సీటు కిందికి దింపేసి మోకాళ్ళు గుండెల దాకా లేపుకుని తొక్కేవాళ్ళకే నొప్పులు వస్తాయట. సందు చివరి దాకా తొక్కి వచ్చాను. నలభై ఏళ్ళ క్రితం వదిలేసిన విద్య, వంట్లోంచి ఎక్కడికీ పోలేదు.

ఇక బేరం. ఆయన 14,100 అన్నాడు, 13,650 దగ్గర తెగింది. స్టాండు, బెల్లు, బిగింపు, రెండు సర్వీసులు అందులోనే. ఇంటికొచ్చి లెక్క వేశాను. ఫోనులో చూసిన 12,640కి డబ్బా తెచ్చి ఇక్కడ బిగించమంటే 500, స్టాండు 250, బెల్లు 80, వెరసి 13,470. ఇంకా 180 రూపాయలు ఆయనకే ఎక్కువ ఇచ్చాను. అది ఏ పద్దు కింద రాయాలా అని ఈసారి ఆలోచించలేదు.

అన్నీ బిగించి చివరికి పెడళ్ళు తీశాడు. కుడిది ఎక్కించాడు. ఎడమది ఎక్కించబోతుంటే, నేను బిగిస్తానని పానా అడిగాను. ఆయన నా వంక చూశాడు. అప్పుడు తెలిసింది, మొదటినుంచీ గుర్తుపట్టాడని. "బాఁ పాఖ?" అన్నాడు. "ఓలటా" అన్నాను. పానా చేతికిచ్చాడు. మొదట వేళ్ళతో తిప్పి, నాలుగు చుట్లు నున్నగా ఎక్కాకే పానా వెయ్యమన్నాడు. అలాగే చేశాను. తర్వాత ఆయన మళ్ళీ ఒకసారి బిగించి చూసుకున్నాడు.

సైకిలు ఫోటో తీసి అమ్మాయికి పంపాను. రంగు గురించి గాని, ధర గురించి గాని అడగలేదు. "పెడళ్ళు ఎవరు బిగించారు?" అని అడిగింది. ఇద్దరమూ అని రాశాను. సంక్రాంతికి వస్తున్నానని, తను ఒకసారి తొక్కి చూసేదాకా గోపాలపూర్ రోడ్డెక్కవద్దని జవాబు వచ్చింది. కొత్త బ్రేకు తీగెలు సాగుతాయి, చువ్వలు సర్దుకుంటాయి, నెల తర్వాత ఒకసారి తీసుకురమ్మని షాపాయన చెప్పాడు. ఆ సర్వీసు సంక్రాంతికి ముందే చేయించి ఉంచాలి.